ఒకే ఇంట్లో రెండు దగ్గులు

ఈసారి ఉత్తరం హైదరాబాదులో కుషాయిగూడ వైపు నుంచి వచ్చింది. రాసినామె వయసు ముప్పై నాలుగేళ్లు. పేరు బయటపెట్టవద్దని కోరారు. ఎనిమిది పేజీల ఉత్తరంలోని సంగతులను ముందుగా క్లుప్తంగా చెబుతాను.

2020 లాక్‌డౌన్‌లో ఆమె భర్తకు ఉద్యోగం పోయింది. తనకు కుట్టుపని వచ్చు కనుక దిండ్లు, కుషన్లు తయారుచేసి అమ్మితే ఇల్లు గడుస్తుందన్న ఆలోచన ఆమెదే. పొదుపు సంఘం ద్వారా అప్పు తెచ్చి, బేగంబజారు నుంచి పాలియెస్టర్ ఫైబర్ బేళ్లు తెప్పించుకుని, అద్దె ఇంటి ముందుగదిలోనే పని మొదలుపెట్టారు. ఇల్లంటే రెండు గదులు, ఒక వంటిల్లు. పగలు ఫైబర్ విడదీసి దిండ్లలో నింపే ఆ ముందుగదిలోనే రాత్రి అత్తగారూ, తొమ్మిదేళ్ల బాబూ పడుకుంటారు. పోయిన దీపావళి తర్వాత లక్షన్నర అప్పు చేసి, పాత ఫైబర్‌నూ గుడ్డ ముక్కలనూ చీల్చి మళ్లీ దూదిలా మార్చే మిషన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. దానితో నింపిన చవక దిండ్లు వారపు సంతల్లో బాగా పోతున్నాయి. నెలకు పదివేల దాకా అదనంగా వస్తోంది. అందులో 7,100 రూపాయలు కిస్తీకే పోతున్నాయి, ఇంకా 19 కిస్తీలు మిగిలాయి. మిషన్ తిరిగిన రోజు టీవీ మీదా, దోసెల పిండి గిన్నె మూత మీదా, దేవుడి పటాల మీదా బూడిదరంగు నూగు పేరుకుంటుందనీ, పొద్దున్నే వెంటిలేటర్‌లోంచి పడే ఎండలో ఆ నూగు కిందికి దిగకుండా తేలుతూనే ఉంటుందనీ రాశారు.

బాబుకు రెండేళ్లుగా రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు. పిల్లల డాక్టరు ఉబ్బసమని చెప్పి ఇన్‌హేలర్ రాశారు. రెండు వారాలు వాడాక, అలవాటు పడితే జన్మంతా వదలదని అత్తగారు మాన్పించారు. రాబోయే మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందు వేయించాలని ఆవిడ పట్టుదల. భర్తకు నాలుగు నెలలుగా పొడిదగ్గు, రెండో అంతస్తు దాకా బరువు మోస్తే ఆయాసం. రోజుకు నాలుగైదు సిగరెట్లు కాలుస్తారు గానీ ఇంట్లో కాల్చరట. ఇంతలో బి.ఫార్మసీ చదువుతున్న మరిది, మనుషుల ఊపిరితిత్తుల్లో ప్లాస్టిక్ రేణువులు దొరికాయన్న వార్త ఫోన్‌లో చూపించి, "వదినా, మన ఫైబర్ కూడా ప్లాస్టిక్కే కదా" అన్నాడు. ఆ రోజు నుంచి ఆమెకు నిద్ర లేదు. పని ఆపుదామంటే భర్త, "కిస్తీ ఎవరు కడతారు, ఈ ఊళ్లో దుమ్ము లేనిదెక్కడ" అంటున్నారు. ఇద్దరి ఊపిరితిత్తుల్లోనూ ప్లాస్టిక్ చేరిందా, అది తేల్చే పరీక్ష ఏదైనా ఉందా, వ్యాపారం మూసెయ్యాలా అన్నవి ఆమె ప్రశ్నలు. ఉత్తరం చివర వేరే సిరాతో, "నా బిడ్డకు నేనే విషం పెట్టానా" అన్న వాక్యమొకటి, బాబు తల కింది దిండు గురించి చిన్న ప్రశ్న ఒకటి ఉన్నాయి.

అమ్మా,

వేరే సిరాతో రాసిన వాక్యానికి ముందు జవాబు చెబుతాను. మీరు విషం పెట్టలేదు. ఉద్యోగం పోయిన ఇంటిని నిలబెట్టే పని మీరు మొదలుపెట్టారు, ఆ పనిలో దుమ్ము లేచింది. ఆ దుమ్మును ఏం చెయ్యాలన్నదే మన ముందున్న సమస్య. మీ ఉత్తరంలోని తేదీలే మీ భయానికి కొంత సమాధానం చెబుతున్నాయి. మీ పని మొదలై ఏళ్లు గడిచాయి, బాబు దగ్గుకు రెండేళ్లు, మిషన్ వచ్చింది దీపావళి తర్వాత, మీ ఆయన దగ్గు మొదలైంది ఆ తర్వాతే. అంటే మీ ఇంట్లో ఉన్నవి రెండు దగ్గులు, రెండింటి పుట్టుక ఒకటి కాకపోవచ్చు. ప్లాస్టిక్ అన్న ఒక్క మాట వినగానే మీరు రెండింటినీ ఒకే ముడి వేశారు. ముందుగా ఆ ముడి విప్పాలి.

మీ మరిది చూపించిన వార్త నిజమే. ఇంగ్లండ్‌లోని హల్ యార్క్ మెడికల్ స్కూల్ పరిశోధకులు, ఆపరేషన్ల సమయంలో రోగుల నుంచి తీసిన 13 ఊపిరితిత్తి ముక్కలను పరీక్షించి, వాటిలో 11 ముక్కల్లో మొత్తం 39 ప్లాస్టిక్ రేణువులు కనిపించాయని 2022లో ప్రచురించారు. ఎక్కువగా కనిపించిన వాటిలో ఒకటి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్, రెండోది పెట్ (PET) అనే ప్లాస్టిక్. మంచినీళ్ల సీసా, మీ దిండులోని పాలియెస్టర్ పోగు రెండూ రసాయనికంగా ఆ పెట్ జాతివే కనుక మరిది అన్న మాటలో తప్పులేదు. అయితే ఆ ముక్కలు ఆపరేషన్లకు వచ్చిన రోగులవి, దిండ్లు నింపేవాళ్లను ఏరి తీసుకున్నవి కావు. 2017లో వెలువడిన ఒక అధ్యయనం కోసం ప్యారిస్‌లో గాలిని కొలిచినప్పుడు, బయట ఘనపు మీటరుకు ఒకటిన్నరకు మించని పోగులు ఇళ్లలో, ఆఫీసుల్లో 1 నుంచి 60 దాకా తేలాయి. వాటిలో మూడింట ఒక వంతు మాత్రమే ప్లాస్టిక్ కలిసినవి, మిగతావి నూలు, ఉన్ని వంటివి. మనం కట్టుకునే బట్టలు, కిటికీ తెరలు, సోఫా గుడ్డలు అన్నీ పోగులు రాల్చేవే. కాబట్టి ఊపిరితిత్తుల్లో ప్లాస్టిక్ రేణువు ఉందా అని అడిగితే ఈ కాలంలో నాకూ ఉండవచ్చు, మీ మరిదికీ ఉండవచ్చు. ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ప్రయోగశాలలో ఊపిరితిత్తి కణాల మీద ఈ రేణువులను వేస్తే వాపు, చికాకు పుట్టడం కనిపించింది. కానీ మామూలు ఇళ్లలో పీల్చే మోతాదు వల్ల ఫలానా జబ్బు వస్తుందని ఇంకా తేలలేదు.

మోతాదు పెరిగిన చోట మాత్రం తేలింది. మీ ఇంటికి సంబంధించిన కథ అదే కనుక కాస్త ఓపిగ్గా చదవండి.

1975లోనే పోర్చుగల్ వైద్యులు కృత్రిమ పోగుల దుమ్ములో పనిచేసిన ఏడుగురి ఊపిరితిత్తి జబ్బులను వర్ణించారు. 1990లలో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో, నైలాన్ పోగును సన్నగా కత్తిరించి జిగురు పూసిన గుడ్డ మీద అతికించి మఖమల్ లాంటి బట్ట తయారుచేసే ఫ్యాక్టరీ కార్మికుల్లో పొడిదగ్గు, ఆయాసం ఒకరి తర్వాత ఒకరికి రావడం ఒక వైద్యుడు గమనించాడు. వాళ్ల ఊపిరితిత్తుల్లోని గాలి సంచుల మధ్యనుండే పలచని పొర వాచి, మందమవుతోంది. వింత ఏమిటంటే, అక్కడ వాడే నైలాన్ పోగు ఊపిరితిత్తుల లోతుకు చేరలేనంత లావు. మరి లోపలికి వెళ్లిందేమిటి? వెతగ్గా వెతగ్గా దోషం కత్తి దగ్గర దొరికింది. తిరిగే బ్లేడ్ల కింద పోగు చివరలు ఒరిపిడి వేడికి మెత్తబడి, సాగి, తోకల్లాంటి అతి సన్నని పీలికలుగా తెగిపోతున్నాయి. తిన్నగా దిగి కోసే రకం కత్తి వాడినచోట ఆ పీలికలు అంతగా లేవు. ఆ పని మానేసిన చాలామందిలో దగ్గు తగ్గింది. తిరిగి పనిలో చేరిన కొందరికి తిరగబెట్టింది.

ఇప్పుడు మీ బేలులోంచి ఒక్క పోగు తీసి ఎండలో పట్టుకుని చూడండి. నాలుగైదు సెంటీమీటర్ల పొడవుండి, స్ప్రింగులా ఉంగరాలు తిరిగి ఉంటుంది. పోగు లావును వ్యాపారులు డెనియర్లలో చెబుతారు; దిండ్లలో వాడే 7, 15 డెనియర్ పోగుల మందం సుమారు 25 నుంచి 40 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే మన తలవెంట్రుకలో సగం. గాలి సంచుల దాకా వెళ్లాలంటే పోగు మందం 3 మైక్రాన్ల లోపు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న లెక్క. కొత్త ఫైబర్‌ను చేత్తో విడదీసి నింపినన్నాళ్లు మీ ఆయనకు పెద్దగా ఇబ్బంది లేకపోవడానికి కారణం బహుశా అదే. అంత లావు పోగులు ముక్కులోనూ గొంతులోనూ చిక్కుకుని, చీమిడితోనో తెమడతోనో బయటికి వచ్చేస్తాయి. దీపావళి తర్వాత వచ్చిన మిషన్ ఆ పోగును చీలుస్తోంది. సెకండ్ హ్యాండ్ మిషన్, బ్లేడ్లు ఎప్పుడు సాన పెట్టారో ఎవరికీ తెలియదు, లోపల వేసేది పాత ఫైబర్, రంగులద్దిన గుడ్డ పీలికలు, వాటితోబాటు వాటికి పట్టిన ఏళ్లనాటి మట్టి. ఎండలో కిందికి దిగకుండా తేలుతోందని మీరు రాసిన ఆ నూగులో, బరువైనది టీవీ మీదికి దిగిపోతుంది. దిగనిదాని గురించే ఆలోచించాలి. కంటికి కనిపించేంత పెద్ద నూగు కన్నా కనిపించనిది ఎక్కువ సేపు గాలిలో ఉంటుంది, ఎక్కువ లోతుకు వెళుతుంది.

మీ ఆయనకు ఆ అమెరికా కార్మికుల జబ్బే వచ్చిందని నేను అనడం లేదు. నాలుగు నెలల పొడిదగ్గుకు మన దేశంలో మొదట కొట్టివేయాల్సిన కారణం క్షయ. దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించుకోవాలన్నది ప్రభుత్వ క్షయ కార్యక్రమం నియమం, ఆ పరీక్ష ఉచితం. మీ బస్తీ దవాఖానాలో అడిగితే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. ఆ తర్వాత సిగరెట్ ఉంది. ఇంట్లో కాల్చకపోవడం బాబుకు మేలే గానీ ఆయన ఊపిరితిత్తులకు ఇంటా బయటా ఒకటే. పైగా పొగ తాగేవారి శ్వాసనాళాల్లో దుమ్మును పైకి నెట్టే సన్నని నూగుకేశాలు సరిగా పనిచెయ్యవు కనుక, అదే మిషన్ దగ్గర అదే దుమ్ము ఆయనలో ఎక్కువ నిలుస్తుంది.

మీరడిగిన పరీక్ష సంగతికి వస్తే, ఊపిరితిత్తుల్లో ప్లాస్టిక్ ఎంతుందో కొలిచే పరీక్ష ఏ ఆసుపత్రిలోనూ రోగులకు చెయ్యరు. ఎక్స్‌రేలో ప్లాస్టిక్ పోగు కనిపించదు. ఊపిరితిత్తులను కడిగి శుభ్రం చేస్తామని పొడులూ ప్యాకేజీలూ అమ్మేవాళ్లు మీ భయాన్ని పసిగడతారు, డబ్బు పోగొట్టుకోకండి. దుమ్ము పనివాళ్లు బెల్లం ముక్క తింటే లోపలి దుమ్ము కొట్టుకుపోతుందన్న మాట నేను కూడా మా తాతల నుంచి విన్నాను. బెల్లం వెళ్లేది ఆహారనాళంలోకి, దుమ్ము ఉన్నది గాలిదారిలో. తింటే తప్పులేదు, దాన్ని నమ్ముకుని మిషన్ నడపడం తప్పు.

కొలవగలిగింది ఊపిరితిత్తుల పనితీరు. నాళంలోకి గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ, మామూలు ఎక్స్‌రే ముందు చేస్తారు. వాటిలో అనుమానం కలిగితే గాలి సంచుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత చేరుతోందో చూసే పరీక్ష, ఊపిరితిత్తులను సన్నని పొరలుగా చూపించే హెచ్‌ఆర్‌సీటీ స్కాన్ అవసరమవుతాయి. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి గానీ, మీకు అందుబాటులో ఉన్న మరో ఛాతీ డాక్టరు దగ్గరికి గానీ వెళ్లవచ్చు. ఎక్కడికి వెళ్లినా మీ ఆయన "దిండ్ల వ్యాపారం" అని రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోకుండా, పాత ఫైబర్ చీల్చే మిషన్ దగ్గర రోజుకు ఎన్ని గంటలు నిలబడతారో, ఎన్ని నెలలుగానో చెప్పాలి. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లోనే, రోగిని అడగాల్సిన ప్రశ్నల్లో "నువ్వేం పని చేస్తావు" అన్నదాన్ని చేర్చమని తోటి వైద్యులకు చెప్పాడు. మన ఓపీ వరుసల్లో ఆ ప్రశ్నకు తీరిక దొరకదు. అందుకని అడగకముందే మీరే చెప్పండి. వీలైతే టీవీ మీద నూగును చిటికెడు ఒక జిప్ కవరులో వేసి పట్టుకెళ్లి చూపించండి.

అంతకన్నా ముందు ఇంట్లోనే తెలుసుకోగలిగింది ఒకటుంది. ఒక నోటుపుస్తకంలో రోజూ నాలుగు గడులు గీయండి. మిషన్ ఎన్ని గంటలు తిరిగింది, పగలు దగ్గు ఎలా ఉంది, రాత్రి ఎలా ఉంది, సిగరెట్లు ఎన్ని. సరుకు అమ్మడానికి సంతలకు తిరిగే రోజుల్లో, పండక్కి ఊరెళ్లిన రోజుల్లో దగ్గు తగ్గి, మిషన్ ఎక్కగానే పెరుగుతుంటే ఆ కాగితం డాక్టరుకు సగం సమాచారం ఇస్తుంది. గాలిని ఎంత వేగంగా ఊదగలరో కొలిచే, మందుల షాపులో దొరికే పీక్ ఫ్లో మీటరులో రోజుకు నాలుగుసార్లు ఊది ఆ అంకె కూడా రాస్తే ఇంకా మంచిది. అంకెలు బాగున్నాయని డాక్టరు దగ్గరికి వెళ్లడం మానకండి. శ్వాసనాళాలు బిగుసుకుపోతే ఆ మీటరు పట్టుకుంటుంది గానీ, గాలి సంచుల పొర దెబ్బతింటే మొదట్లో పట్టుకోలేకపోవచ్చు.

ఇక బాబు. మీ ఉత్తరం మూడో పేజీలో, నాలా పక్కనే ఇల్లు కావడంతో దోమలు ఎక్కువనీ, రాత్రంతా బాబు మంచం కింద దోమల చక్రం వెలిగిస్తామనీ మాటవరసకు రాశారు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. 2003లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఒక దోమల చక్రం పూర్తిగా కాలితే వెలువడే అతి సన్నని రేణువుల బరువు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చిన దానికి సమానమని తేలింది. మీ ఆయన ఇంట్లో సిగరెట్ కాల్చనందుకు సంతోషిస్తూ, ఉబ్బసం ఉన్న పిల్లవాడి మంచం కింద మనమే ఇది వెలిగిస్తున్నాం. ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదు, ప్లాస్టిక్ రేణువుల గురించి గాబరాపడి ఫోన్ చేసే వాళ్లలో చాలామంది ఇళ్లలో సాయంత్రం చక్రమూ, సాంబ్రాణీ వెలుగుతూనే ఉంటాయి. దోమతెర కట్టండి, కిటికీకి జాలీ వేయించండి, చక్రం ఈ రాత్రి నుంచే ఆపండి.

రెండోది ఆ గది. ఫైబర్ బేళ్లు, గుడ్డ మూటలు ఉన్నచోట దుమ్ములో బతికే కంటికి కనిపించని పురుగులు, బొద్దింకలు చేరతాయి. ఉబ్బసం పిల్లలకు వాటి వ్యర్థాలు పడవు. ఫైబర్‌కు పురుగు పట్టదని వ్యాపారులు చెప్పే మాట నమ్మవద్దు. అక్కడ తేలే ప్లాస్టిక్ నూగు కూడా, అది ఏ పదార్థమైనా సరే, వాచి ఉన్న శ్వాసనాళానికి చికాకే. వీటిలో ఏది ఎంత పాలు అని విడదీయాల్సిన అవసరం మీకు లేదు, ఎందుకంటే అన్నింటికీ మొదటి మందు ఒకటే. బాబు పడక లోపలి గదిలోకి మారాలి. అత్తగారు, బాబు లోపల, మీరిద్దరూ ముందుగదిలో పడుకోవలసి వస్తే పడుకునే ముందు గది తడిగుడ్డతో తుడిచి పడుకోండి. మీ ఆయన దగ్గు క్షయ కాదని తేలాక ఆయన కూడా లోపలే సర్దుకుంటే ఇంకా మేలు.

మూడోది ఇన్‌హేలర్. దాని మీద అత్తగారికి ఉన్న భయం మన ఇళ్లలో చాలామందికి ఉన్నదే, ఆవిడను తప్పుపట్టడం కన్నా ఒక సంగతి చూపించండి. దగ్గు మందు సీసా మీద మోతాదు మిల్లీగ్రాముల్లో ఉంటుంది, ఇన్‌హేలర్ డబ్బా మీద మైక్రోగ్రాముల్లో, అంటే అందులో వెయ్యో వంతు లెక్కలో ఉంటుంది. మందు ఒళ్లంతా తిరగకుండా నేరుగా గాలిదారిలో పడుతుంది కనుక అంత తక్కువ సరిపోతుంది. అది అలవాటు చేసే మందు కాదు. రోజూ వాడే రకం వాపును అణచి ఉంచుతుంది, రెండు వారాలకే ఆపితే వాపు మళ్లీ మొదటికొస్తుంది. మధ్యలో ఆపామని డాక్టరుకు దాచకుండా చెప్పి, ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ గొట్టంతో ఎలా పీల్చాలో మళ్లీ నేర్చుకుని మొదలుపెట్టండి. చేప మందు ఉబ్బసాన్ని తగ్గిస్తుందని నిరూపణ లేదు. ఆవిడ నమ్మకం మీద ఇంట్లో యుద్ధం అక్కర్లేదు గానీ, పిల్లికూతలతో ఉన్న తొమ్మిదేళ్ల పిల్లవాడి గొంతులో బతికున్న చేపను వేయించడానికి నేనైతే ఒప్పుకోను. బెల్లంలో పెట్టి ఇచ్చే పద్ధతి కూడా అక్కడ ఉంది. వెళ్లి తీరాలంటే అది తీసుకోండి, ఇన్‌హేలర్ మాత్రం ఒక్కరోజు కూడా ఆపకండి. మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతున్నా, పెదాలు నీలంగా మారినా ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వ్యాపారం సంగతి. మూసెయ్యడం, నడపడం అని రెండే దారులున్నట్టు మీరిద్దరూ వాదించుకుంటున్నారు. నాకు మూడు నాలుగు కనిపిస్తున్నాయి, ఏదీ ఖర్చులేనిది కాదు.

చీల్చే మిషన్ ఒక్కటి ఆపి, కొత్త ఫైబర్‌తో పని కొనసాగించవచ్చు. ఇంటి గాలి ఒక్కసారిగా మారుతుంది, మీ ఆయన దగ్గుకు మిషన్ కారణమో కాదో నెల తిరిగేసరికి ఆ నోటుపుస్తకమే చెబుతుంది. దెబ్బ మాత్రం జేబు మీద పడుతుంది. చవక దిండ్ల పదివేలు ఆగిపోతే కిస్తీ పాత ఆదాయంలోంచి కట్టాలి. మిషన్ అమ్మేస్తే కొంత డబ్బు తిరిగొస్తుంది, అయితే కొనేవాడు దాన్ని ఎక్కడ పెడతాడో, ఆ గదిలో ఎవరు పడుకుంటారో కూడా కనుక్కోండి.

మీరు రాసినట్టు 8,000 అద్దెకు షట్టర్ తీసుకుని పనంతా అక్కడికి మార్చవచ్చు. బాబుకూ అత్తగారికీ ఇది అన్నిటికన్నా మంచిది. తలుపు దగ్గర బేళ్లు పేర్చిన ఒకే ద్వారం ఇంట్లో నిప్పు భయం కూడా పోతుంది, ఆ భయం ప్లాస్టిక్ రేణువుల భయం కన్నా పెద్దదని నా అభిప్రాయం. కానీ అద్దె, కరెంటు కలిసి మిషన్ ఇచ్చే లాభాన్ని మింగేస్తాయి కనుక, దాన్ని రాబట్టడానికి మీ ఆయన మిషన్ మరింత సేపు నడుపుతారు. షట్టర్ దించితే దుమ్ము అక్కడే ఉంటుంది, ఆయనా అక్కడే ఉంటారు. షట్టర్‌కు మారితే మిషన్ పక్కనే గాలిని బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను, సాన పెట్టిన బ్లేడ్లు, ముఖానికి బిగుతుగా పట్టే ఎన్-95 మాస్కు తప్పనిసరి. కర్చీఫ్ కట్టుకోవడం వల్ల ఉపయోగం లేదు, గడ్డం ఉంటే మాస్కు అంచు చర్మానికి ఆనదు.

మూడో దారి మీ చేతిలో ఉన్న విద్యకు సంబంధించినది. నింపే పని వదిలేసి, లోపలి దిండ్లు తయారైనవే కొని, గలీబులు, కుషన్ కవర్లు కుట్టి అమ్మడం. ఇంట్లోనే ఉండవచ్చు, దుమ్ము చాలావరకు తగ్గుతుంది. ముక్కకు లాభం తగ్గుతుంది, పని భారమంతా మీ మీద పడుతుంది, మీ ఆయన చేతికి పని తగ్గుతుంది. ఉద్యోగం పోయిన మనిషికి ఈ మాట ఎలా వినిపిస్తుందో నాకన్నా మీకే బాగా తెలుసు. సరుకు తిప్పడం, కొత్త దుకాణాలు పట్టడం ఆయన చేతికి అప్పగించగలిగితేనే ఈ దారి ఆలోచించండి.

ఫైబర్ మానేసి దూదికి మారదామని కూడా రాశారు. ప్లాస్టిక్ కాదు కనుక దూది సురక్షితమని అనుకోవద్దు. నూలు మిల్లుల్లో సెలవు తర్వాత సోమవారం పనిలోకి రాగానే ఛాతీ బిగుసుకుపోయే బిస్సినోసిస్ అనే జబ్బు దూది దుమ్ము వల్లే వస్తుంది. దూది మార్చినా దుమ్ము దుమ్మే.

ఈ దారుల్లో ఏది తేల్చుకోవడానికైనా నెలా రెండు నెలలు పడుతుంది. అంతదాకా ముందుగదిలో పని నడుస్తుంటే, బాబు స్కూల్లో ఉన్న వేళల్లోనే చెయ్యండి, పని జరుగుతున్నప్పుడు టేబుల్ ఫ్యాను వేసి నూగును ఇల్లంతా తోలకండి, చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి, మీ ఆయన పని బట్టలు ముందుగదిలోనే విప్పి స్నానం చేసి లోపలికి రావాలి. మిషన్ మాత్రం తెమడ పరీక్ష, ఊదే పరీక్ష ఫలితాలు వచ్చేదాకా ఆపి ఉంచమని అడగండి.

అడగడం ఎలా అన్నది కూడా ముఖ్యమే. "ప్లాస్టిక్ ఊపిరితిత్తుల్లోకి పోతోంది" అని మొదలుపెడితే ఆయనకు అది ఫోన్‌లో వచ్చే మరో వార్త. "ఈ మిషన్ నెల రోజులు ఆపితే మనకు ఎంత తగ్గుతుంది, ఆ కిస్తీ ఎక్కణ్ణుంచి సర్దుదాం" అని లెక్కతో మొదలుపెట్టండి. ఆయన భయం కిస్తీ గురించి, ఆ భయానికి ముందు చోటిస్తే మీ భయానికి చోటు దొరుకుతుంది. పొదుపు సంఘంలో ఒకటి రెండు కిస్తీలు వెనక్కి జరిపే వీలుందేమో అడిగి, ఆ జవాబు చేతిలో పెట్టుకుని మాట్లాడితే ఇంకా మంచిది. మరిదిని కూడా కూర్చోబెట్టండి. భయపెట్టింది అతనే కనుక పీక్ ఫ్లో అంకెలు రాసే బాధ్యత అతనికే ఇవ్వండి.

చివరగా బాబు తల కింది దిండు. మూసి కుట్టిన దిండు నుంచి పోగులు పెద్దగా బయటికి రావు, గట్టి నేత గలీబు వేసి, వారానికోసారి గలీబును వేడినీళ్లలో ఉతికి, దిండును ఎండలో వెయ్యండి, చాలు. ఆ దిండు దీపావళి తర్వాత మిషన్ ఫైబర్‌తో నింపినదైతే మాత్రం తీసేసి, కొత్త ఫైబర్‌తో నింపినది ఇవ్వండి.